మీ లిస్టులో నాజియా పేరేది?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఎనభైల పాప్ పాటల మీద వేసిన రెండు పేజీలూ చదివాను, ఎంత లీనమైపోయానంటే కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో కూడా లెక్క తప్పింది, పప్పు అడుగంటింది. మైకేల్ జాక్సన్, విట్నీ హ్యూస్టన్, జార్జ్ మైకేల్, ప్రిన్స్, ఫ్రెడ్డీ మెర్క్యురీ, టీనా టర్నర్, పోయినవాళ్ళందరి ఫోటోలూ వరసగా పెట్టారు, చాలా బాగుంది, కాదనను. కానీ చివరి లైను దాకా వెతికినా పాకిస్తాన్ పాప్ గాయని నాజియా హసన్ పేరు కనపడలేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. లేదు. పైగా మన ఊళ్ళోకి పాప్ వచ్చింది తొంభైల్లో కేబుల్ టీవీతోనే అనీ, అంతకుముందు అది కాన్వెంట్ పిల్లల ముచ్చట అనీ ఒక మాట రాసేశారు. ఈ ఉత్తరం ఆ మాట కోసమే.

నేను కాన్వెంట్ కాదు సార్. కాచిగూడ సైడు తెలుగు మీడియం, నాన్న రైల్వేలో గుమాస్తా, బర్కత్‌పురలో రెండు గదుల కిరాయి పోర్షన్‌లో అయిదుగురం ఉండేవాళ్ళం. ఇంగ్లీష్ అంటే టెన్త్ గైడులో ఎంతుందో అంతే. అలాంటి ఇంట్లోకి 1980లో పాప్ వచ్చింది, కేబుల్ లేదు ఏమీ లేదు, బుధవారం రాత్రి రేడియో సిలోన్‌లో హిందీ పాటల ప్రోగ్రాం బినాకా గీత్‌మాలా పట్టుకుని వచ్చింది. స్టేషను అల వచ్చినట్టు వచ్చి పోయేది, మా అన్న రేడియోని కిటికీ చువ్వలకి ఆనించి ఒక చేత్తో పట్టుకుని నిలబడేవాడు, చెయ్యి తీస్తే ఆ ప్రోగ్రాం చెప్పే అమీన్ సయానీ మాయం. అందులో ఒక రోజు ఖుర్బానీ సినిమా పాట వచ్చింది, ఆప్ జైసా కోయీ, పాడింది నాజియా. అమ్మ వంటింట్లోంచి "ఈ పిల్లకి జలుబు చేసిందా ఏంటే, ముక్కుతో పాడుతోంది" అంది. అమ్మకి సుశీలమ్మ గారు తప్ప వేరే గొంతు ఎక్కదు, జానకి గారినే అతి కష్టం మీద ఒప్పుకునేది, ఇక ఈ పిల్ల ఎంత.

నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో అప్పుడు చెప్పడం రాలేదు, ఇప్పుడు చెప్తాను. అప్పటిదాకా మేము విన్న ఆడగొంతులన్నీ పైకి పైకి ఎక్కేవి, మెలికలు తిరిగేవి, అవి మనకి వచ్చే పని కాదు అని వినగానే తెలిసిపోయేది. ఈ అమ్మాయి ఎవరో గిన్నెలు తోముకుంటూ తనలో తాను పాడుకున్నట్టు పాడేసింది, గొంతు కింద కిందనే ఉంది, కొంచెం నిద్ర మొహంతో ఉన్నట్టు. తర్వాత తెలిసింది, ఆ పాట వచ్చేనాటికి తనకి పదిహేనేళ్ళు, 1965 ఏప్రిల్ 3న కరాచీలో పుట్టింది. నేనూ అదే ఏడు, నాకంటే రెండు నెలలు పెద్దది అంతే. నేను టెన్త్ లెక్కల్లో గట్టెక్కుతానో లేదో అని మొక్కుకుంటుంటే తను ఆ పాటకి 1981లో ఫిల్మ్‌ఫేర్ అవార్డు కొట్టేసింది, చూడండి మరి.

ఇంకో ముచ్చట. ఖుర్బానీకి మిగతా సంగీతం అంతా కల్యాణ్‌జీ ఆనంద్‌జీ, ఈ ఒక్క పాట బిడ్డూ చేశాడు. బిడ్డూ మన పక్క బెంగళూరులో పుట్టి ఇంగ్లండ్ వెళ్ళినవాడు, 1974లో ప్రపంచం అంతా ఊగిపోయిన కుంగ్ ఫూ ఫైటింగ్ పాట తయారు చేసింది కూడా ఆయనే. ఆయన నాజియా చేత ఒకే పాటని రెండుసార్లు పాడించి ఒకదాని మీద ఒకటి వేశాడు. మామూలుగా వింటే ఏదో చిన్న ఎకో అనుకుంటాం. నేను తర్వాత టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాను, హెడ్‌సెట్ పెట్టుకుని ఏళ్ళ తరబడి జనాల గొంతులు వినడమే నౌకరి, క్రాస్ టాక్ వస్తే ఎన్ని లైన్లు కలిశాయో చెవికి తెలిసిపోయేది. ఆ చెవితో ఈ పాట వింటే ఇద్దరు నాజియాలు స్పష్టంగా వినపడతారు, ఒకరు వెంట్రుకవాసి ముందు, ఒకరు వెనక. మీ వ్యాసం రాసినాయన ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒకసారి వినమనండి.

సరే క్యాసెట్ సంగతి. 1981లో తన సొంత ఆల్బం డిస్కో దీవానే వచ్చింది, తమ్ముడు జోహెబ్‌తో కలిసి పాడింది. కంపెనీ క్యాసెట్ కొనే స్తోమత మాకెక్కడిది, సుల్తాన్ బజార్ గల్లీలో ఒక రికార్డింగ్ సెంటర్ ఉండేది, మంచం అంత దుకాణం, గోడలకి నేల నుంచి కప్పు దాకా ఎల్పీలు, మధ్యలో ఒక భాయ్. బ్లాంక్ క్యాసెట్ మనమే తీసుకెళ్ళి, కావాల్సిన పాటల చిట్టీ ఇస్తే రెండు మూడు రోజుల్లో చేసి పెట్టేవాడు. ఆయనకి తెలుగు చదవడం రాదు, నాకు ఉర్దూ రాయడం రాదు. మా పక్కింటి అమ్మాయి నేను చెప్తుంటే ఉర్దూలో చిట్టీ రాసిచ్చేది, వాళ్ళమ్మని నేను ఖాలా అనేదాన్ని, మా అమ్మని ఆ అమ్మాయి పిన్ని అనేది. మొదట ఒక వైపే చేయించాం, రెండో వైపుకి డబ్బులు చాలలేదు. రెండేళ్ళకి థ్రిల్లర్ పాటలు ఊరంతా వినపడుతుంటే ఆ ఖాళీ వైపు మైకేల్ జాక్సన్ ఎక్కించాం. అంటే ఒకే అరవై నిమిషాల క్యాసెట్‌లో ఏ సైడ్ నాజియా, బీ సైడ్ జాక్సన్. పాప్ కాన్వెంట్ పిల్లలకే తెలుసు అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది ఇందుకే సార్, ఆ చిట్టీలు రాసింది ఉర్దూ మీడియం పిల్ల, చెప్పింది తెలుగు మీడియం పిల్ల, ఎక్కించింది అయిదో క్లాసు దాటని భాయ్.

మాటలు అర్థమయ్యేవా అంటే, ఎక్కడ అయ్యాయి. నాజియావి అయ్యేవి, హైదరాబాద్‌లో పెరిగిన వాళ్ళకి ఆ మాత్రం ఉర్దూ నీళ్ళప్రాయం. జాక్సన్‌వి ఒక్క ముక్క తెలీదు. బీట్ ఇట్ అనేది మాకు బీరెట్ అని వినపడేది, బీరెట్ అంటే ఏంటన్నా అని అడిగితే మా అన్న మిలిటరీ వాళ్ళ టోపీ అన్నాడు, చాలా ఏళ్ళు అది టోపీ పాట అనే అనుకున్నాను.

ఒక ఎండాకాలం టేప్ రికార్డర్ ఆ క్యాసెట్‌ని నమిలేసింది. లోపల రోలర్‌కి చుట్టుకుపోయింది, నేను మెల్లగా లాగు అంటుంటే అన్న గట్టిగా లాగాడు, తెగింది. నేను ఏడుపు. పక్కింటి అమ్మాయి బ్లేడుతో రెండు కొసలూ ఏటవాలుగా కోసి, వెనక వైపు సెల్లోటేపు ముక్క అంటించి, మిగిలిన అంచు కత్తిరించి, పెన్సిల్ దూర్చి చుట్టింది. మళ్ళీ పాడింది కానీ డిస్కో దీవానేలో ఒకచోట టప్‌మని చప్పుడు, ఒక మాట సగం నుంచి ఇంకో మాట సగంలోకి దూకేది. ఇప్పుడు ఫోన్‌లో ఆ పాట శుభ్రంగా, గీత పడకుండా వస్తుంది, కానీ ఆ చోటు వచ్చేసరికి నా తల దానంతట అదే ఎగిరిపడుతుంది, టప్ రాకపోతే ఏదో కొరత పెట్టినట్టు ఉంటుంది. మా ఆయన చూసి నవ్వుతారు.

1986లో దూరపు ఊళ్ళకి కాల్స్ కలిపే ట్రంక్ ఎక్స్‌ఛేంజ్‌లో ఉద్యోగం వచ్చింది. నైట్ డ్యూటీలో రెండు దాటాక కాల్స్ తగ్గేవి, అప్పుడు మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చే ఒక ఆంగ్లో ఇండియన్ కొలీగ్ చిన్నగా పాడేది, విట్నీ పాటలూ, డిసెంబర్ వస్తే జార్జ్ మైకేల్ లాస్ట్ క్రిస్మసూ. ఒక్కో లైను ఆపి నాకు అర్థం చెప్పేది, సగం తెలుగులో సగం హిందీలో. 2016లో ఆ జార్జ్ మైకేల్ సరిగ్గా క్రిస్మస్ రోజునే పోయాడు, యాభై మూడేళ్ళకి. మర్నాడు ఆ కొలీగ్ పెర్త్ నుంచి ఫోన్ చేసింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు, నేనూ ఏం మాట్లాడలేదు, ఇద్దరు ఆపరేటర్లం లైను ఖాళీగా పట్టుకుని కూర్చున్నాం, డ్యూటీలో ఉన్నప్పుడైతే ఎవరైనా అలా చేస్తే లైను కట్ చేసేవాళ్ళం.

నాజియా పోయినప్పుడు మాత్రం అలా ఫోన్ చేసుకోవడానికి కూడా ఎవరూ లేరు. 2000 ఆగస్టు 13, లండన్‌లో, ఊపిరితిత్తుల క్యాన్సర్, ముప్పై అయిదేళ్ళు. ఆ రోజుల్లో పేపర్ల నిండా కన్నడ రాజ్‌కుమార్‌ని వీరప్పన్ ఎత్తుకెళ్ళిన సంగతే, తన వార్త నాకు రెండు రోజులు ఆలస్యంగా, లోపలి పేజీలో అగ్గిపెట్టె అంత ముక్కలో దొరికింది, ఫోటో లేదు. పక్కింటి వాళ్ళు అప్పటికే ఇల్లు మారిపోయారు, ఆ అమ్మాయి పెళ్ళయి జెద్దా వెళ్ళిపోయింది, నంబర్ లేదు. ఊరూరి నంబర్లు కలిపిన దాన్ని, ఆ ఒక్క నంబర్ కలపలేకపోయాను. పది రోజులు తిరగకుండా ఆ ఆగస్టు వానలకి హైదరాబాద్ సగం మునిగింది, ఎక్స్‌ఛేంజ్‌లో ఊపిరాడని పని, ఆ గోలలో బాధ కూడా ఎటో కొట్టుకుపోయింది.

మీ వ్యాసంలో వాళ్ళ వయసులు కూడా వేశారు కదా, ఫ్రెడ్డీకి నలభై అయిదు, విట్నీకి నలభై ఎనిమిది, జాక్సన్‌కి యాభై, ప్రిన్స్‌కి యాభై ఏడు. అందరూ ఒకప్పుడు నాకంటే పెద్దవాళ్ళు, పాటలు నేర్పిన అన్నలూ అక్కలూ, ఇప్పుడు నేను వాళ్ళందరినీ దాటేశాను, అక్కనైపోయాను. అన్నట్టు ఫ్రెడ్డీని బ్రిటిష్ గాయకుడు అని ఒక్క ముక్కలో తేల్చేశారు, అసలు పేరు ఫరూఖ్ బుల్సారా, పార్సీ పిల్లాడు, జాంజిబార్‌లో పుట్టి మన పంచగని బోర్డింగ్ స్కూల్లో చదువుకున్నాడు, అది కూడా రాయాల్సింది.

తెలుగు సంగతి అయితే మీరు అసలు ముట్టుకోలేదు. 1985లో దొంగ సినిమాలో చిరంజీవి జాక్సన్ థ్రిల్లర్ వీడియోలోలాగా దయ్యాల గుంపుతో డాన్సు చేస్తే మా గల్లీ వినాయకుడి పందిట్లో పిల్లలందరూ మొహాలకి ముగ్గుపిండి పూసుకుని ఎగిరారు, ఇరవై ఏళ్ళ తర్వాత ఫారిన్ వాళ్ళు ఇంటర్నెట్‌లో దాన్ని చూసి ఇండియన్ థ్రిల్లర్ అని నవ్వుకున్నారట, నవ్వుకోనీ, పాడింది చక్రవర్తి గారి ట్యూన్‌కి మన బాలు గారు. కాపీ అంటారా, అవును కాపీయే, అయితే ఏంటి, మా పిల్లలకి మూన్‌వాక్ అంటే ఏంటో ఆ కాపీయే నేర్పింది. 1986లో కృష్ణ గారి సింహాసనానికి బప్పీ లహిరి వచ్చి డిస్కో బీట్ కొట్టాడు. తర్వాత రాజ్–కోటి. ఆ రాజ్ గారు 2023 మే 21న పోయారు, మూడు రోజులకి టీనా టర్నర్ పోయింది. మా ఇంట్లో ఆ వారం వంట చేస్తూ ఇద్దరివీ మార్చి మార్చి పెట్టుకున్నాను. మా పనమ్మాయికి టీనా గొంతే నచ్చింది, ఈ అమ్మ మంచి కోపం మీద ఉందక్కా అంది.

2012లో ఒక హిందీ సినిమాలో డిస్కో దీవానేని కొత్తగా చేశారు, నాజియా గొంతు కొంత అలాగే ఉంచారు. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి కొత్త పాట విన్నావా అమ్మా అని పెట్టింది. టప్ అనే చోటు రాకముందే పాట ఎటో తిరిగిపోయింది. ఇది నా పాటే అని చెప్తే నమ్మలేదు, అల్మారాలోంచి క్యాసెట్ తీసి చూపిస్తే దాని మీద ఉన్నది ఉర్దూ, చదవలేకపోయింది, నేనూ చదవలేను.

కాబట్టి నేను అడిగేది రెండే. ఒకటి, వచ్చే ఆగస్టు 13కి నాజియా మీద నాలుగు కాలమ్‌లు వేయండి, ఈసారి ఫోటోతో. రెండోది, కోఠిలో, సుల్తాన్ బజార్‌లో, సికింద్రాబాద్‌లో ఆ రికార్డింగ్ సెంటర్లు నడిపిన భాయిలు ఇంకా ఎక్కడో ఒకచోట ఉంటారు, సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకుంటున్నారేమో, మీ విలేకరిని పంపించి వాళ్ళని మాట్లాడించండి, ఈ ఊరు ఏ ఏడు ఏం విన్నదో వాళ్ళ చిట్టీలకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

క్యాసెట్ ఫోటో కావాలంటే ఇస్తాను, సాయంత్రం నాలుగు తర్వాత రండి, మధ్యాహ్నం పడుకుంటాను. పట్టుకెళ్తానంటే మాత్రం ఇవ్వను, ఇక్కడే తీసుకోవాలి. అలాగే నా పేరు వేయకండి, మా ఆడపడుచులు మీ పేపరే చదువుతారు.

ఇట్లు
రిటైర్డ్ టెలిఫోన్ ఆపరేటర్,
బర్కత్‌పుర, హైదరాబాద్