641తో భాగించిన సంఖ్య

చిరంజీవి సుధకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

కావలిలో మేమంతా క్షేమం. నీ గొంతు విని చాలా రోజులైనందువల్ల రాస్తున్నానే తప్ప వేరే కారణమేమీ లేదు. మొన్న గోడలకు సున్నం వేయించినప్పుడు, తొమ్మిదో తరగతిలో నువ్వు బీరువా పక్కన పెన్సిలుతో రాసిన 4,29,49,67,297 అనే సంఖ్యను చెరపనివ్వకుండా మీ అమ్మ ఆ జానెడు చోటు వదిలేయించింది.

2 యొక్క 32వ ఘాతానికి ఒకటి కలిపితే వచ్చే ఆ సంఖ్య ప్రధాన సంఖ్యేనని ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా 1640 నాటికే నమ్మాడు. 2 యొక్క 1, 2, 4, 8, 16వ ఘాతాలకు ఒకటి కలిపితే అదే వరుసలో ముందు వచ్చే 3, 5, 17, 257, 65,537 ప్రధాన సంఖ్యలే కనుక తరువాతిదీ అంతేనని, రుజువు లేకుండానే ఆయన తలచాడు. ఉలవపాడు అత్తయ్య కూడా, పెళ్ళిలో ఎవరో అన్నారని, నువ్వు పరిశోధన మానేశావని చెప్పి వెళ్ళింది. నేను ఆ మాట పట్టించుకోలేదు. నువ్వు వేళకు తింటున్నావా, లేదా?

మాస్కోలో ఉన్న గణితవేత్త గోల్డ్‌బాఖ్, ఫెర్మా చెప్పిన ఈ మాట నీకు తెలుసా అని 1729లో పీటర్స్‌బర్గ్‌లోని మరో గణితవేత్త ఆయిలర్‌ను ఉత్తరం చివర అడిగాడు. ఆయిలర్ మొదట అంతగా ఆసక్తి చూపలేదు. గోల్డ్‌బాఖ్ ఊరుకోకుండా మళ్ళీ రాశాడు; ఉత్తరాలు రాసేవాళ్ళు అలాగే ఉండాలి. చివరకు 1732లో, నీ ఈడువాడే, పాతికేళ్ళ ఆయిలర్ ఆ సంఖ్యను 641 నిశ్శేషంగా భాగిస్తుందనీ, భాగఫలం 67,00,417 అనీ తేల్చాడు. దానికి ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే దాన్ని 64తో భాగించినప్పుడు శేషం 1 రావాలి కనుక, అలాంటి ప్రధాన సంఖ్యలనే వరుసగా చూస్తే 193, 257, 449, 577 దాటాక ఐదవది 641. దారి తెలిశాక భాగహారాలు ఐదే, కానీ ఆ దారి కోసమే అంత కాలం పట్టింది. నీ పని ఇప్పుడు నాలుగోదాని దగ్గర ఆగిందేమోనని నాకు అనిపిస్తుంది.

భాగహారం కూడా అక్కరలేని పద్ధతి నువ్వే నాకు చూపించావు. 641 అంటే 5 × 128 + 1, అదే 625 + 16 కూడా. మొదటిదాన్ని బట్టి 640 యొక్క నాలుగో ఘాతాన్ని 641తో భాగిస్తే శేషం 1. ఆ ఘాతం అంటే 625ను 2 యొక్క 28వ ఘాతంతో గుణించగా వచ్చేదే. 625 బదులు మైనస్ 16 పెడితే, 2 యొక్క 32వ ఘాతానికి శేషం మైనస్ 1 అవుతుంది, దానికి ఒకటి కలిపితే సున్న. ఇంత చక్కగా చెప్పగలిగిన పిల్ల గణితం మీద విసిగిపోయిందంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఒకవేళ నిజంగానే విసిగి ఉంటే, మీ గైడుతో సెలవు గురించి మాట్లాడు, రాత్రి పన్నెండు దాటి మేలుకోకు, ఏ నిర్ణయమూ ఖాళీ కడుపుతో తీసుకోకు. మానేసినా నేను కోప్పడను. అయితే ఆ సంగతి పెళ్ళిపందిట్లో ఇంకొకరి నోట కాకుండా నీ నోటే వినాలి.

గోంగూర పచ్చడీ, నెయ్యీ ఆదివారం రాత్రి బస్సులో పంపుతున్నాను. నెయ్యి డబ్బాను నిలువుగానే పట్టుకో. అందగానే ఫోను చెయ్యి, పరిశోధన సంగతి కూడా అప్పుడే చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న