పంటు దాటిన అమ్మాయికి

సఖినేటిపల్లి,
శుక్రవారం రాత్రి

అమ్మలూ,

మొదటిసారి ఒంటరిగా విదేశం చూసి రావడానికి నువ్వు అనుకుని పంపిన నాలుగు పేర్లూ చూశాను. వియత్నాం, బాలి, దుబాయి, శ్రీలంక. కింద "నువ్వే చెప్పమ్మా, ఎక్కడికి వెళ్ళమంటావు?" అని రాశావు. ఫోనులో మాట్లాడితే మధ్యలో మీ నాన్న అందుకుంటారు, నానమ్మ కళ్ళు తుడుచుకోవడం మొదలుపెడుతుంది, నేను చెప్పవలసింది మింగేస్తాను. అందుకని కాగితం తీశాను.

ఈ ఇంట్లో ఒంటరిగా విదేశం వెళ్ళిన మొదటి ఆడమనిషివి నువ్వు కాదు. నేను. కాని ఏ దేశం వెళ్తావని నన్ను ఎవరూ అడగలేదు. 1996 నవంబరు తుపానుకు మన తోటలో చెట్లు సగానికి పైగా నేలకొరిగాయి. మళ్ళీ వేసిన మొక్కలు కాపుకు వచ్చేలోగా మీ నాన్న రొయ్యల చెరువు తవ్వించారు. రొయ్యలకు తెల్లమచ్చ రోగం సోకి వరసగా రెండు పంటలు పోయాయి. అప్పు మిగిలింది. ఏజెంటు కువైట్ అన్నాడు, కువైట్‌కే వెళ్ళాను. పది తప్పినదాన్ని కనుక నాది ఎమిగ్రేషన్ అనుమతి కావలసిన పాస్‌పోర్టు. అలాంటి పాస్‌పోర్టుతో గల్ఫుకు పనికి వెళ్ళే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలని ప్రభుత్వ నిబంధన. నిండేదాకా ఆగాను. అప్పటికి నీకు ఆరేళ్ళు. పది పాసైన వాళ్ళకు ఆ అనుమతితో పని లేదు, కాబట్టి నీ పాస్‌పోర్టుకు ఆ బెడద లేదు. నిన్ను బడి మానిపించనిది అందుకే అనుకో.

దిగిన రాత్రే ఆ ఇంటి యజమాని నా పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. మళ్ళీ నా చేతికి వచ్చింది ఐదేళ్ళ తరువాత. కొట్టలేదు, తిట్టలేదు, జీతం ఆలస్యంగానైనా ఇచ్చేవారు. అయినా ఆ బీరువా ముందు తుడిచినప్పుడల్లా కాళ్ళు కాసేపు ఆగిపోయేవి. అంతర్వేది అలల చప్పుడు వింటూ పెరిగినదాన్ని, కువైట్‌లో సముద్రాన్ని కారు అద్దంలోంచే చూశాను, వాళ్ళ పిల్లల్ని బడికి దింపే దారిలో. నీలి గోళాలు గుచ్చినట్టుండే కువైట్ టవర్లు కూడా అలాగే. కారు ఆగితే చూడవచ్చనుకునేదాన్ని. అక్కడ సిగ్నలు కూడా లేదు.

ఇదంతా నిన్ను భయపెట్టడానికి కాదు. నువ్వు వెళ్ళేది యాత్రకు, నేను వెళ్ళింది పనికి. కాకపోతే దేశాన్ని ఎంచుకునేటప్పుడు నువ్వు ఫొటోలు చూస్తున్నావు, నేను తలుపులు చూస్తున్నాను. అక్కడ పని చెడితే ఎటునుంచి బయటపడతావు, ఎవరిని అడుగుతావు, బోర్డు చదవగలవా, ఏం తింటావు, నీ గదికి నువ్వే తాళం వేసుకోగలవా అని.

దుబాయి కొట్టెయ్. అక్కడ దిగితే మావయ్య ఊరుకోడు, విమానాశ్రయానికి వచ్చి సామాను లాక్కుంటాడు. వారం రోజులూ అత్తయ్య వండిన పులుసు తిని, మాల్ చూసి వస్తావు. అది చుట్టపుచూపు. బాలి గురించి నాకు తెలిసింది ఒక్కటే, నవంబరు నుంచి మార్చి దాకా అక్కడ వానలు. నీకు సెలవు దొరికేది సంక్రాంతి దాటాక.

వియత్నాం దగ్గర మాత్రం నవ్వొచ్చింది. నువ్వు పంపిన వీడియోలో మెకాంగ్ డెల్టా చూశాను. కాలవలు, పడవలు, వరి, బెన్‌త్రే అనే చోట ఎటు చూసినా కొబ్బరి, కాన్‌థో దగ్గర పడవల మీద పెట్టే సంత. డబ్బు ఖర్చుపెట్టి, విమానాలు మారి, అంత దూరం వెళ్ళి నువ్వు చూసేది మన కాలవగట్టేనా! సరదాకు అన్నాను, కోపం తెచ్చుకోకు. దేశం మంచిదే అంటున్నారు. కాని వాళ్ళ కొత్త సంవత్సరం, టెట్, జనవరి చివరికో ఫిబ్రవరిలోనో వస్తుంది. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు అక్కడ ఊళ్ళకు ఊళ్ళు కదులుతాయట. రైళ్ళు నిండిపోతాయి, చాలా దుకాణాలు మూసేస్తారు. ఇల్లున్న వాళ్ళందరూ ఇంటికి పోయే వారంలో నువ్వొక్కదానివే సంచి మోసుకుని తిరగడం ఊహించుకో.

నేను శ్రీలంక అంటాను.

"మన ఊరిలాగే ఉండేదానికి విదేశం ఎందుకు?" అని నువ్వు అడగబోతున్నావని తెలుసు. ఇంటర్మీడియట్‌లో చేరిన రోజు నువ్వు ఒక్కదానివే పంటు ఎక్కి, ఆ పెద్ద పడవ మీద గోదావరి దాటి నరసాపురం వెళ్ళావు. అవతలి గట్టు నీకు కొత్త కాదు, చిన్నప్పటినుంచి మాతో వెళ్ళిన రేవే. ఆ రోజు కొత్తది పక్కన మేము లేకపోవడం. సాయంత్రం తిరిగొచ్చి నువ్వు చెప్పిన కబుర్లలో గోదావరి ఇంతకు ముందెప్పుడూ లేనంత వెడల్పుగా ఉంది. మొదటిసారి అంత కొత్త చాలు. భాష, తిండి, రోడ్డు, గడియారం అన్నీ ఒకేసారి కొత్తవైతే చూడడానికి కళ్ళు మిగలవు, నేను చూశాను కదా.

కొలంబోకు చెన్నై నుంచి గంటన్నర ప్రయాణం. దిగాక గడియారం తిప్పుకోనక్కరలేదు, వాళ్ళ వేళా మన వేళా ఒకటే. బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. బోర్డుల మీద సింహళం, తమిళం, ఇంగ్లీషు మూడూ ఉంటాయి, పైగా సింహళం అక్షరాలు మనవాటిలాగే గుండ్రంగా ముద్దొస్తాయి. కువైట్‌లో అరబీ బోర్డుల కింద నిలబడి నేను ఐదేళ్ళు గుడ్డిదాన్నయ్యాను. జనవరిలో పడమటి తీరం, దక్షిణ తీరం పొడిగా ఉంటాయి. ట్రింకోమలీ వైపు, తూర్పున, అప్పుడు వానలు, అటు పెట్టుకోకు. క్యాండీ నుంచి ఎల్ల అనే ఊరికి తేయాకు కొండల మీదుగా ఆరేడు గంటల రైలు ఉందన్నావు. ఆ దారిలో వానలకు కొండచరియలు విరిగిపడి రైళ్ళు ఆపేస్తుంటారు, బయలుదేరే ముందు నడుస్తోందో లేదో కనుక్కో. కొలంబోలో మన హైకమిషన్, అంటే మన దేశపు రాయబార కార్యాలయం ఉంది, క్యాండీలోనూ మన కార్యాలయం ఒకటి ఉంది. ఆ రెండు ఫోను నంబర్లూ ఫోనులో కాదు, కాగితం మీద రాసుకో. ఫోను పోయిన రోజే వాటి అవసరం పడుతుంది.

ఇందులో నా స్వార్థం కూడా ఉంది, దాచను. కువైట్‌లో పై అంతస్తు ఇంట్లో పని చేసే ఆవిడది శ్రీలంక, కురునెగల వైపు. అక్కడా కొబ్బరి తోటలేనట. మొదటి వారం నేను మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే పక్కన కూర్చుని ఏదో అడిగింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను "అక్కా" అన్నాను. ఆమె నవ్వింది. వాళ్ళ భాషలోనూ అక్క అంటే అక్కే, అమ్మ అంటే అమ్మే. ఆ రెండు మాటలతో ఇద్దరం నాలుగేళ్ళు స్నేహం చేశాం. శుక్రవారాలు కొబ్బరి కోరు, ఎండుమిరప, చిన్న ఉల్లి, నిమ్మరసం కలిపి నూరి గిన్నెలో తెచ్చేది. పొల్ సంబోల్ అంటారు. మన కొబ్బరి పచ్చడికి చెల్లెలు అనుకో, తాలింపు లేని చెల్లెలు. నా కంటే ముందే వెళ్ళిపోయింది. చిరునామా రాసిచ్చిన కాగితం నా పెట్టెలో తడిసిపోయింది. వెతకమని అడగడం లేదు. ఎక్కడైనా సంబోల్ పెడితే వద్దనకు, అంతే.

ఇక చిల్లర సంగతులు. పగటిపూట దిగే విమానమే చూసుకో, వెయ్యి ఎక్కువైనా సరే. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి. వీసా నిబంధనలు మారిపోతుంటాయి, టికెట్టు కొనే ముందు వాళ్ళ ప్రభుత్వ వెబ్‌సైటులోనే చూడు, ఏజెంటు మాట వినకు. ఏజెంట్ల మీద నాకున్న అభిప్రాయం నీకు తెలుసు. నువ్వు దాచిన ఎనభై వేలలో పదిహేను వేలు ముట్టుకోకుండా ఉంచు, తిరుగు టికెట్టు మార్చుకోవలసి వస్తే పనికొస్తాయి. నచ్చకపోతే మూడో రోజే వచ్చెయ్యి, ఎవరూ ఏమీ అనరు. నానమ్మ అంటుంది, పట్టించుకోకు.

ఇంత రాశాక కూడా నువ్వు వియత్నామే అంటే వెళ్ళు. టెట్ తేదీ చూసుకుని వెళ్ళు.

పాస్‌పోర్టు పెట్టుకోవడానికి చిన్న సంచి కుట్టాను. లోపల దళసరి గుడ్డ, జిప్పు, మెడకు తాడు. బయటివైపు లేసు అల్లాను, చేయి ఊరుకోలేదు. రేపు పంటు దాటి నరసాపురంలో కొరియర్ చేస్తాను. లేసు బాగుంది కదా అని పైకి వేలాడదీసుకునేవు, చొక్కా లోపల వేసుకో. ఏ హోటలువాడు అడిగినా చూపించి, అక్కడే నిలబడి, వెంటనే తిరిగి తీసుకో.

మీ అమ్మ