గోడల రంగులు కాదు, ఆ అరగంట చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మా పాపను చేర్చడానికి ఒక ప్రీస్కూల్‌కు వెళ్తే రంగుల గోడలు, కెమెరాలు, బ్రోచర్ చూపించారు. తరగతిలో ఓ అరగంట కూర్చుంటామంటే మాత్రం ‘పిల్లలు డిస్టర్బ్ అవుతారు’ అన్నారు. నిజానికి చూడాల్సింది ఆ అరగంటే.

టీచర్ పిల్లల ఎత్తుకు వంగి మాట్లాడుతోందా? పిల్లాడు ఏదైనా అడిగితే జవాబు చెప్పి ఊరుకుంటుందా, ‘నీకేమనిపిస్తోంది?’ అని తిరిగి అడుగుతుందా? ఏడ్చే బిడ్డ దగ్గరికి ఎంతసేపటికి వస్తారు? బట్టలు తడుపుకున్న పిల్లను అందరి ముందూ కసురుతారా? 1980లో అమెరికాలో థెల్మా హార్మ్స్, రిచర్డ్ క్లిఫర్డ్ అనే పరిశోధకులు ప్రీస్కూళ్ల నాణ్యత చూడటానికి తెచ్చిన కొలమానం ప్రకారం కూడా తరగతిలో గంటల తరబడి కూర్చుని చూసి, ఒక్కో అంశానికి 1 నుంచి 7 వరకు మార్కులు వేస్తారు. చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి ఆటవస్తువులు పిల్లలకు అందేలా ఉన్నాయా అన్నదాకా. పిల్లలకు పెట్టే పరీక్ష కాదది, బడికి పెట్టేది.

మూడేళ్ల పిల్లలకు ఎన్ని అక్షరాలు వచ్చాయనే తల్లిదండ్రులు అడుగుతారు (నేనూ మొదట అదే అడిగాను, దాచేదేముంది). ఏడాదికి ఎంతమంది టీచర్లు మానేస్తున్నారని ఎవరూ అడగరు. అలవాటైన మనిషి మాటిమాటికీ మారిపోతే పసివాళ్లు కుదురుకోరు.

తనిఖీకి వచ్చే అధికారులు రిజిస్టర్లతో సరిపెట్టకుండా తరగతిలోనూ కూర్చోవాలి. చూసింది రాసి తల్లిదండ్రులకు చూపాలి. ముందుగా చెప్పకుండా వస్తే మరీ మంచిది.

– ఒక తండ్రి