బావి పక్క వరస ఉంచు నాన్నా

పెర్త్, ఆస్ట్రేలియా, ఆగస్టు 24

నాన్నకు,

చిన్నీ చదివి వినిపిస్తుందని తెలుసు. చిన్నీ, ఒక్క ముక్క కూడా దాటెయ్యకు, మందు సంగతి అసలే దాటెయ్యకు.

నేను బాగున్నాను. పని మామూలే. డబ్బు పదిహేనో తారీఖుకి పడుతుంది.

ఎమ్మెస్సీ అగ్రికల్చర్ చదివి అక్కడ మట్టి మోస్తున్నావా అన్నావు ఫోన్లో. మోస్తున్నాను. ఈసారి తోట గీసింది కూడా నేనే. ఒక వృద్ధాశ్రమం వెనక, చూపు తగ్గినవాళ్లకీ మతిమరుపు వచ్చినవాళ్లకీ. తాకి, వాసన చూసి, విని తిరగాల్సిన తోట. మొక్కలన్నీ ఈ రాష్ట్రానివే ఉండాలన్నారు. దారి ఎక్కడా ఆగిపోదు, చుట్టూ తిరిగి తలుపు దగ్గరికే తెస్తుంది. లేకపోతే చివర్లో నిలబడిపోయి కంగారుపడతారు. చక్రాల కుర్చీలోంచి కూడా చెయ్యి అందేలా మళ్లు ఎత్తుగా కట్టించాం. డార్వీనియా అని ఒకటుంది, ఆకు నలిపితే నిమ్మ వాసన. మోచెయ్యి రాసుకునేంత దగ్గరగా పెట్టాను. ఎవర్లాస్టింగ్ పూలు ఇప్పుడే విచ్చాయి, ముట్టుకుంటే ఎండు కాగితంలా చప్పుడు చేస్తాయి.

ఊలీబుష్ అని మెత్తటి ఆకుల పొద ఒకటుంది, దాని దగ్గర మాత్రం తప్పు చేశాను. నీ పెంపకం కదా, నాటగానే కోడి ఎరువు వేశాను. మూడు వారాల్లో ఆరు మొక్కలు మాడిపోయాయి. ఇక్కడిది ఉత్త ఇసుక, భాస్వరం దాదాపు ఉండదు. ఊలీబుష్ లాంటి బాంక్సియా కుటుంబం మొక్కలు ఆ కాస్తా లాక్కోడానికి గుత్తులు గుత్తులుగా వేళ్లు వేస్తాయి. ఎరువుతో భాస్వరం ఎక్కువ పెడితే ఆపుకోలేక అంతా పీల్చేసి చస్తాయి. నీ డీఏపీ ఇక్కడ విషం. పరీక్షలో రాసిందే, చేతికి గుర్తు రాలేదు. నవ్వకు. మా సూపర్‌వైజర్ ఒక్క మాట అనలేదు, తిడితే బాగుండేది.

మళ్లీ నాటినవి నిలబడ్డాయి. మొన్న చూపు పూర్తిగా పోయిన ఒక ముసలావిడ ఆ మెత్తటి ఆకుని చాలాసేపు నిమిరి, "ఎవరి పిల్లి ఇది?" అంది.

కళ్లు మండుతున్నాయని రాత్రి చుక్కలు మానేశావట. అమ్మ చెప్పింది, అమ్మని ఏమీ అనకు. నీటికాసుల్లో, అదే గ్లాకోమాలో, పోయిన చూపు తిరిగి రాదు నాన్నా, ఉన్నది నిలుపుకోడానికే ఆ చుక్కలు. మంట పుడితే డాక్టరుకి చెప్పు, మందు మారుస్తారు. దూరంగా కూర్చుని చెప్పడం తేలికే అంటావు, అను.

చింతపండు అయిపోయింది. ఎవరైనా వస్తుంటే పంపండి.

మూలన రెండు షీఓక్‌లు పెట్టాం, మన సరుగుడుకి దాయాదులు. రాలిన పుల్లల మీద కాలు జారుతుందని దారికి దూరంగా. అవింకా నా భుజం దాకానే ఉన్నాయి. పార్కింగ్ దగ్గర ముదురు చెట్టొకటి ఉంది. ఎండాకాలం మధ్యాహ్నాలు సముద్రపు గాలి లేస్తే, దానికి ఫ్రీమాంటిల్ డాక్టర్ అని పేరు, ఆ చెట్టు అచ్చం మన తోటలాగే హోరుమంటుంది. దాని కిందే అన్నం డబ్బా తెరిచేదాన్ని.

సరుగుడు బేరం పెట్టావని చిన్నీ చెప్పింది. కోతకొచ్చింది, కొట్టించక తప్పదు. బావి పక్క వరస మాత్రం ఉంచు, నువ్వు మంచం వేసుకునే వైపుది. వ్యాపారి ఎంత పెంచినా సరే.

నీ
పెద్దమ్మాయి