జులైలో పంపిన పూసల సంగతి

నమస్తే. జులైలో మా షెడ్ నుంచి తీసుకెళ్లిన కార్డియరైట్ (ఒక రకం సెరామిక్) పూసలతో బ్యాండ్ హీటర్లు, అంటే మెషీన్ గొట్టం చుట్టూ పట్టీలా బిగించే హీటర్లు, చేసుకున్న నలుగురు వరసగా ఫోన్ చేశారు. "అన్నా, స్విచ్ వేయగానే ట్రిప్ అవుతోంది" అని. మొదట నేను మీ వైరింగ్ చూసుకోమన్నాను. తప్పు మాదే.

ఒక హీటర్ వెనక్కి తెప్పించి మెగ్గర్ (ఇన్సులేషన్ చూసే మీటర్) పెడితే రీడింగ్ ఒక మెగ్ ఓమ్ కూడా రాలేదు, అంటే కరెంటు బయటికి లీకవుతోంది. రాత్రంతా 120 డిగ్రీల ఓవెన్‌లో ఉంచి తీశాక అదే హీటర్ చక్కగా నడిచింది. మేం వాడే కార్డియరైట్‌లో సన్నటి రంధ్రాలుంటాయి. వేడికి పెద్దగా సాగదు కాబట్టి ఎన్నిసార్లు కాగి చల్లారినా చిట్లదు. అందుకే హీటర్లకు అది మంచిది. కానీ వానాకాలంలో ఆ రంధ్రాలు గాలిలోని తేమంతా పీల్చేస్తాయి. ఆరబెట్టి, కవర్లలో సీల్ చేసి పంపాల్సిన సరుకును ఆర్డర్ల తొందరలో గోనెసంచుల్లో కట్టి పంపేశాం.

"ఈ గోలంతా ఎందుకు, ప్లాస్టిక్‌కి పోదామా?" అని ఒకాయన అడిగారు. మామూలు పీవీసీ 70 డిగ్రీలకే చేతులెత్తేస్తుంది, బేకలైట్ 150 దగ్గర. కాయిల్ ఎర్రబడే చోట రెండూ నిలవవు. పైగా ప్లాస్టిక్ మీద స్పార్క్ వస్తే అక్కడ మాడి బొగ్గుచార పడుతుంది, ఆ చార వెంటే మళ్లీ కరెంటు పాకుతుంది. సెరామిక్‌లో అలా మాడి బొగ్గయ్యేదేమీ లేదు.

వైర్లు బిగించే టెర్మినల్ బ్లాకులు మాత్రం ఇకనుంచి స్టియటైట్‌లోనే ఇస్తాం. కొత్త పదార్థమేమీ కాదు, చిన్నప్పుడు పలక మీద రాసిన బలపం రాయే. కర్నూలు వైపు గనుల్లో దొరుకుతుంది. గోటితో గీసినా గీత పడే ఆ రాయిని పొడి చేసి, మట్టి కలిపి, అచ్చు కొట్టి 1300 డిగ్రీల పైన కాలిస్తే నీళ్లు పీల్చని గట్టి ముక్కవుతుంది. నాకిప్పటికీ వింతే. స్క్రూ బిగించేటప్పుడు మాత్రం మైకా వాషర్ వేయండి. స్టియటైట్ ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది గానీ, కాస్త వంచితే పుటుక్కుమంటుంది.

ఇంకా ఎక్కువ వేడికి ఆగే సెరామిక్ అల్యూమినా. అదే కావాలని పట్టుబట్టేవాళ్లకు ఒక మాట. 1500 డిగ్రీల ఫర్నేసులో థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) గొట్టానికైతే అదే కావాలి. 200 డిగ్రీల ప్యాకింగ్ మెషీన్‌కు దండగ. అమ్మితే లాభం నాకే, అయినా చెబుతున్నా.

జులై బిల్లున్నవాళ్లు దసరాలోపు పూసలు తెచ్చి మార్చుకోండి. ఓవెన్ ఉన్నవాళ్లు మీరే ఆరబెట్టుకున్నా సరిపోతుంది, ఆ కరెంటు ఖర్చు వచ్చే బిల్లులో తగ్గిస్తాను.