షెల్టర్ గోదాం అయితే ఆపరేషన్లు ఆగిపోతాయి

సంపాదకుడికి,

వీధికుక్క కరిచిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ "అన్నింటినీ పట్టుకెళ్లి షెల్టర్‌లో పడేయండి" అనే మాట వినిపిస్తుంది. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో ఎలా పోయాడో ఎవరూ మరిచిపోలేదు. కానీ షెల్టర్‌ను నింపేస్తే వీధిలో కుక్కలు పెరుగుతాయి. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది.

ఒక మున్సిపల్ షెల్టర్‌లో 60 బోన్లున్నాయనుకుందాం. కుక్క వచ్చిన రోజు పరీక్ష చేస్తారు. మత్తులో వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి ఆ రాత్రి పస్తు ఉంచుతారు. మర్నాడు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబీస్ టీకా, మత్తులో ఉండగానే గుర్తుగా చెవి అంచున చిన్న కత్తిరింపు. ఆ తర్వాత గాయం ఆరేదాకా నాలుగు రోజులు. మొత్తం ఆరు రోజులు. అంటే రోజుకు 10 కుక్కలు, నెలకు 300. అదే షెల్టర్‌లో 40 బోన్లను ముసలివి, కాళ్లు విరిగినవి, అర్ధరాత్రి ఎవరో గేటుకు కట్టేసి పోయిన లాబ్రడార్లు ఆక్రమిస్తే మిగిలేవి 20. ఆపరేషన్లు నెలకు 100కు పడిపోతాయి. మిగిలిన 200 బయటే తిరుగుతుంటాయి. ఆడకుక్క చూలు మోసేది దాదాపు 63 రోజులే, ఈతకు నాలుగైదు పిల్లలు పెడుతుంది, ఏడాదికి ఒకటి రెండుసార్లు ఈనుతుంది.

తిండి ఖర్చు వేరే. పదిహేను కిలోల కుక్కకు రోజుకు సుమారు 600 గ్రాముల చికెన్ అన్నం కావాలి. వంద కుక్కలుంటే రోజూ 60 కిలోలు వండాలి. ఇక్కడో మాట: పెళ్లిళ్లలో మిగిలిన బిర్యానీని దయచేసి షెల్టర్‌కు పంపకండి. మసాలాకూ నూనెకూ విరేచనాలు పట్టుకుంటాయి, ఉడికిన ఎముక పేగులో గుచ్చుకుంటుంది, ఉల్లిపాయ కుక్క రక్తాన్ని దెబ్బతీస్తుంది. పైగా ఆ విరేచనం బిర్యానీదో, కుక్కల్లో పేగులకు సోకే అంటువ్యాధి పార్వోదో తేలేదాకా కుక్కను విడిగా ఉంచాలి. విడి గదులు ఎక్కడైనా ఉండేవి రెండో మూడో.

పార్వో అంటే షెల్టర్లలో అందరికీ హడలు. ఫినాయిల్‌తో ఎంత కడిగినా ఆ వైరస్ చావదు, నేలలో నెలల తరబడి ఉంటుంది. ముందు పెంట పూర్తిగా ఎత్తి, సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాత ఒక వంతు బ్లీచింగ్ ద్రావణం, అంటే హైపోక్లోరైట్‌కు 30 వంతుల నీళ్లు కలిపి పోసి పది నిమిషాలు వదిలేయాలి. మురికి మీదే పోస్తే క్లోరిన్ అక్కడే విరిగిపోతుంది. కిక్కిరిసిన షెల్టర్‌లో ఒక బోను కడిగేలోపు పక్క బోనులో కొత్త కూనను దించుతారు. జబ్బు అక్కడే అంటుకుంటుంది.

పట్టేటప్పుడు జరిగే తప్పు చిన్నదే కానీ దాని దెబ్బ పెద్దది. మూడు వీధుల్లో పట్టిన కుక్కలను ఒకే కుక్కల బండిలో ఎక్కించి, కాగితం మీద వార్డు పేరొక్కటే రాస్తారు. ప్రతి కుక్క మెడలో నంబరు పట్టీ వేసి, ఆ నంబరు ఎదుట వీధి పేరు, కరెంటు స్తంభమో గుడో ఆనవాలుగా రాయకపోతే ఆపరేషన్ అయ్యాక దాన్ని వేరే వీధిలో దింపుతారు. అక్కడి కుక్కలు దాని మీద పడతాయి. బెదిరిన కుక్క అడ్డొచ్చినవాళ్లను కరుస్తుంది. పట్టిన చోటే వదలాలని 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల్లో ఉంది. రేబీస్ ఉన్నవీ అనుమానమున్నవీ, మరీ దూకుడుగా ఉన్నవీ తప్ప మిగతావాటిని అలాగే వదలాలని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. చెవి కత్తిరించిన కుక్కను బండివాళ్లు మళ్లీ దింపి వెళ్తుంటే వాళ్లతో తగాదా పెట్టుకోవద్దు. ఆ కుక్క ఉన్నచోటికి ఆపరేషన్ కాని కొత్త కుక్క అంత తేలిగ్గా రాదు.

కరిచిన కుక్కను తరిమేయడమో చంపేయడమో చేస్తే దానికి రేబీస్ ఉందో లేదో పది రోజులు గమనించే వీలు పోతుంది. ఆనవాళ్లు గుర్తుపెట్టుకుని మున్సిపాలిటీకి చెప్పండి. గాయం మీద సున్నం, కారం పెట్టకుండా ధారగా పడే నీటి కింద సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. టీకా 0, 3, 7, 28 రోజుల్లో చేతికి వేస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయింది. కుక్క ఏమవుతుందో చూద్దామని టీకా వాయిదా వేయకూడదు. రక్తం కారేలా కరిస్తే వెంటనే రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ సూది కూడా అడగాలి.

ఇక అసలు చిక్కు. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టిన కుక్కలను తిరిగి అక్కడ వదలొద్దని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. వాటిని ఆపరేషన్ బోన్లలోనే పెట్టేస్తే పైన చెప్పిన లెక్కే నిజమవుతుంది. వాటికి వేరే షెడ్డు, వేరే వంటగది, వేరే పద్దు కావాలి. మున్సిపల్ కమిషనర్లు ఆపరేషన్ల ఖర్చునూ, ఈ కుక్కల పోషణ ఖర్చునూ ఒకే పద్దులో చూపడం మానాలి. కోసి తీసిన అండాశయాలు, వృషణాలు లెక్కపెట్టాకే పర్యవేక్షణ కమిటీ ఆపరేషన్ల సంఖ్యను ఒప్పుకోవాలి. ఆ సంఖ్యనూ, ఆ నెల ఖాళీగా ఉన్న బోన్ల సంఖ్యనూ ప్రతి వార్డు ఆఫీసు బోర్డు మీద అంటిస్తే చాలు, మిగతాది జనమే అడుగుతారు.

— ఒక పాఠకుడు, హైదరాబాద్