పాత జేసీబీకి మొదట కొనాల్సింది పానాల పెట్టె కాదు

సంపాదకులకు,

వానలు పడి చెరువు మట్టి తోలకం, చెలకల చదును పనులు ఆగగానే వరంగల్, భూపాలపల్లి, పెద్దపల్లి వైపు ఊళ్లలో సెకండ్ హ్యాండ్ జేసీబీలు ఇళ్ల ముందే విప్పి కనిపిస్తాయి. (ముందు లోడర్ బకెట్, వెనక తవ్వే చేయి ఉండే బ్యాక్‌హో లోడర్ ఏ కంపెనీదైనా మన దగ్గర దాని పేరు జేసీబీయే.) బండి కొన్నవాళ్లు ముందుగా తెచ్చుకునేది 108 ముక్కల సాకెట్ పెట్టె. అందులో సగం కారుకూ బైకుకూ పనికొచ్చే సైజులు. ఈ బండికి అక్కరకొచ్చేవి వేరు, కొనే వరుస కూడా వేరు.

మొదట కొనాల్సినవి బండిని నిలబెట్టేవి. దాదాపు ఏడున్నర టన్నుల బరువది. 20 టన్నుల బాటిల్ జాకీలు రెండు, గట్టి స్టాండ్లు నాలుగు, అడ్డంగా పేర్చడానికి తుమ్మ దిమ్మెలు కావాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వద్దే వద్దు. కర్ర నలుగుతుంది, చప్పుడు చేసి హెచ్చరిస్తుంది. సిమెంటు దిమ్మె చెప్పకుండా పగులుతుంది. వెనక కాళ్లు దించితే బండి లేస్తుంది నిజమే, కానీ అవి లేపడానికే తప్ప కింద దూరి పని చేయడానికి కాదు. లోడర్ చేతులకు కంపెనీ ఇచ్చే సేఫ్టీ స్ట్రట్ పాత బండ్లలో చాలావరకు మాయమై ఉంటుంది. అది తెచ్చి చేతులను ఎత్తే సిలిండర్ రాడ్ మీద బిగించకుండా ఎత్తిన చేతుల కింద తల పెట్టొద్దు. ‘లివర్ న్యూట్రల్‌లోనే ఉంది కదా’ అంటారు. హోస్ (ఆయిల్ గొట్టం) పగిలితే లివర్ ఎక్కడుంటే ఏం లాభం?

రెండోది ప్రెజర్ గేజి. 0–400 బార్ల గ్లిజరిన్ గేజి, సన్న టెస్ట్ హోస్, బండికి సరిపోయే అడాప్టరు. ఈ తరగతి బండ్లలో మెయిన్ రిలీఫ్ (ఆయిల్ ఒత్తిడి హద్దు దాటకుండా వదిలే వాల్వు) దాదాపు 250 బార్లు, అంటే చదరపు సెంటీమీటరు మీద ఇంచుమించు 250 కిలోల ఒత్తిడి. సరైన అంకె మీ మోడల్ మాన్యువల్‌లో చూసుకోండి. బకెట్ మెల్లగా లేస్తోందనగానే పంపు మార్చేస్తారు. ఎక్కువ డబ్బులు పోయేది ఇక్కడే. ఆయిల్ వేడెక్కాక బకెట్‌ను చివరిదాకా ముడిచి, లివర్ పట్టి ఉంచి గేజి చూడండి. అన్ని పనుల్లోనూ ప్రెజర్ తక్కువైతే సక్షన్ స్ట్రైనర్ (పంపులోకి పోయే ఆయిల్‌ను వడగట్టే జాలి), మెయిన్ రిలీఫ్ చూడాలి, ఆ తర్వాతే పంపు. ఒక్క పనిలోనే తక్కువైతే ఆ పనికున్న రిలీఫ్ వాల్వో, ఆ సిలిండరో చూడాలి.

సిలిండర్ మీద అనుమానముంటే రాడ్ పూర్తిగా బయటికి తీసి, ఇంజన్ ఆపి, లివర్లు అటూ ఇటూ ఆడించి ప్రెజర్ దించాలి. రాడ్ వైపు హోస్ విప్పి, ఆ హోస్ మూతికి స్టీలు ప్లగ్గు బిగించాలి. ఇంజన్ వేసి సిలిండర్‌ను అదే వైపు తోసినప్పుడు సిలిండర్‌కు విప్పిన రంధ్రంలోంచి ఆయిల్ కారుతూనే ఉంటే పిస్టన్ సీల్ పోయినట్టు. ఈ పరీక్షకు ప్లగ్గులు ముందే కొని ఉంచుకోవాలి. గుడ్డ కుక్కితే ఆగదు.

ఇప్పుడు పానాలు. హోస్ అడ్డం ఉండి నట్టుకు రింగు పానా ఎక్కదు కాబట్టి డబుల్ ఎండ్ ఓపెన్ పానాలే కావాలి. బీఎస్‌పీ (బ్రిటిష్ కొలత పైపు) థ్రెడ్ ఉన్నచోట మూడెనిమిదుల (3/8 అంగుళం) హోస్ నట్టుకు 22 మిల్లీమీటర్ల పానా, అరంగుళానికి 27, ముప్పావు అంగుళానికి సాధారణంగా 32 పడుతుంది. ఒక్కో సైజు రెండేసి కొనండి. ఒకదానితో అడాప్టరును పట్టి, రెండోదానితో నట్టు తిప్పాలి. లేకుంటే హోస్ మెలిపడి కొన్నాళ్లకు అక్కడే చిట్లుతుంది. చక్రం నట్లకు ముప్పావు అంగుళం డ్రైవ్ సాకెట్లు, ఎంత బిగించామో చూపే టార్క్ రెంచి. కరెంటు తీగలు చూసే మల్టీమీటరు మామూలుదే చాలు.

కీళ్ల దగ్గరుండే పిన్నులు, అవి తిరిగే బుష్షులు మార్చడం మాత్రం ఓపిక పని. బిగుసుకుపోయిన పిన్నును సమ్మెటతో నేరుగా కొడితే తల పరుచుకుని బయటికి రాదు, పైగా ముక్క లేచి కంట్లో పడుతుంది. మధ్యలో ఇత్తడి కడ్డీ, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అంతకంటే మేలైనది పుల్లరు (పిన్నును లాగే పనిముట్టు): హైటెన్సైల్ స్టడ్డు, పిన్ను కంటే పెద్ద గొట్టం ముక్క, మందం ప్లేటు, నట్టు ఉంటే లేతు షాపులో చేసిస్తారు. కొత్త బుష్షును రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెడితే కొంచెం కుంచించుకుని సులువుగా దిగుతుంది. పాత రంధ్రం కోడిగుడ్డు ఆకారమైతే ఇంట్లో వెల్డింగ్ నింపి ఊరుకోవద్దు. లైన్ బోరింగ్ (రంధ్రాలను ఒకే వరుసలో గుండ్రంగా తొలిచే పని) చేయించకపోతే కొత్త బుష్షు మళ్లీ అరుగుతుంది.

లీకు చూడటానికి చేయి పెట్టొద్దు, అట్టముక్క పెట్టండి. సూది మొనంత చిల్లులోంచి వచ్చే ఆయిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చుక్కంత గాయమే కనిపిస్తుంది, నొప్పి మొదట ఉండకపోవచ్చు. అయినా వెంటనే పెద్దాసుపత్రికి పోయి ‘ప్రెజర్‌తో ఆయిల్ లోపలికి పోయింది’ అని ఆ మాటే డాక్టరుకు చెప్పాలి.

2021 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-4 (పొగ నిబంధనల దశ) బండ్లలో కామన్ రైల్ ఇంజన్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే పైపులోంచి అధిక ఒత్తిడితో డీజిల్ పంపేది) ఉంటే పాత బండిలా ఇంజెక్టర్ పైపు వదులు చేసి గాలి తీయొద్దు. ఆ పైపులో ఒత్తిడి వెయ్యి బార్లు దాటొచ్చు. వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) తీగలు విప్పి, ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా పెట్టాలి.

గేజి, చైన్ బ్లాకు (బరువులెత్తే గొలుసు కప్పీ) ఏడాదికి రెండు మూడుసార్లే పనిపడతాయి. ట్రాక్టర్ పనిముట్లను అద్దెకిచ్చే కేంద్రాల్లో వీటినీ ఉంచాలని, డీజిల్ మెకానిక్ ట్రేడు ఉన్న ఐటీఐలు వానాకాలంలో రెండు రోజులు గేజి పరీక్ష నేర్పాలని అధికారులను కోరుతున్నాం.

– హైడ్రాలిక్ పనివాళ్లు, పరకాల, హనుమకొండ జిల్లా